పన్ను పీకే ముందు

పంటి నొప్పి రాగానే మంగలి దగ్గరికి పోయి పీకించుకోవడం ఒకనాటి వాడుక. స్పెయిన్‌లోని ఖుర్తుబా (కార్డోవా) వైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (మరణం క్రీ.శ. 1013 ప్రాంతం) ఈ తొందరపాటును గట్టిగా ఖండించాడు. నొప్పి రోగిని మోసగిస్తుంది. అతడు మంచి పన్నునే చూపించి పీకించుకుంటాడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. పోయిన పన్ను తిరిగి రాదు కదా!

30 భాగాల ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో చివరిదైన శస్త్రచికిత్స భాగంలో ఆయన పళ్ల గారను గురించి వివరంగా రాశాడు. గరుకుగా పేరుకున్న గార నల్లగానో, పచ్చగానో మారి చివరకు చిగుళ్లను చెడగొడుతుంది. దానిని గోకి తీయడానికి వేర్వేరు ఆకారాల 14 పనిముట్ల బొమ్మలు గీసి చూపాడు. పంటి లోపలి వైపుకు పనికివచ్చేది బయటి వైపుకు పనికిరాదు. ఒక్కనాటితో గార పోకుంటే మరునాడు, ఆ మరునాడు కూడా గోకాలన్నాడు. నేటి దంతవైద్యులు చేసే శుభ్రత కూడా ఇటువంటిదే.

అయితే గార పేరుకోకుండా చూసుకోవలసింది ఇంట్లోనే. తన సమాజానికి కష్టం కాదనుకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను విధిగా చేసేవాడినని దైవప్రవక్త (స) అన్నారు. ఆయన అంతిమ ఘడియల్లో (క్రీ.శ. 632) హజ్రత్ ఆయిషా (ర) పచ్చి మిస్వాక్‌ను నమిలి, మెత్తబరచి అందించారు. పుల్ల అలా మెత్తబడితేనే చిగుళ్లు గీసుకుపోవు.