బీప్ అనగానే బ్రేక్ తొక్కాలా? డాప్లర్ నుంచి ఎల్బీనగర్ దాకా

నేనుండేది చైతన్యపురిలో. పోయిన సంక్రాంతికి కార్లో ఊరికి బయల్దేరా. ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కాక, ముందు స్పీడ్ కెమెరా ఉందని ఫోన్ చెప్పింది. గట్టిగా బ్రేక్ తొక్కేశా. వెనకాల బైక్ మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్న పాప. వెంట్రుకవాసిలో తప్పింది. చలానా భయంతో వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చాను. అసలు ఈ బీప్ కథేంటో తెలుసుకోవాలనిపించింది.

అంబులెన్స్ మన వైపు వస్తుంటే సైరన్ కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా? కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం ఇలా మారుతుందని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ చెప్పాడు. 1845లో నెదర్లాండ్స్‌లో రైలెక్కి బాకాలు ఊదించి మరీ దీన్ని పరీక్షించారు. పోలీస్ రాడార్ గన్ పనిచేసేది ఈ సూత్రంతోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది అమెరికా రోడ్ల మీదికొచ్చింది.

1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడ హైవేల మీద గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టారు. దాంతో రాడార్ తరంగాలను ముందే పసిగట్టే డిటెక్టర్లకు గిరాకీ పెరిగింది. తర్వాత లేజర్ గన్‌లు వచ్చాయి. లేజర్ కిరణం సన్నగా ఉంటుంది, రెప్పపాటులో వేగం కొలిచేస్తుంది. డిటెక్టర్ మోగేసరికి చాలాసార్లు మన స్పీడ్ వాళ్ల దగ్గర నమోదైపోయి ఉంటుంది. ఇక రాడార్ డిటెక్టరైతే షాపుల ఆటోమేటిక్ తలుపులకు, పక్క కారు సెన్సర్లకు కూడా మోగుతుంది.

మన ఫోన్ అసలు దేన్నీ పసిగట్టదు. మ్యాప్‌లో ముందే గుర్తుపెట్టిన చోటు దగ్గరపడితే చెబుతుంది, అంతే.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో స్పీడ్ అలర్ట్ తప్పనిసరి. 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. 2021 నిబంధనల ప్రకారం కెమెరా నిఘా ఉన్న రోడ్డు మీద హెచ్చరిక బోర్డు కూడా ఉండాలి. అంటే దాచిపెట్టి పట్టుకోవడం కాదు, ముందే చెప్పి వేగం తగ్గించడమే ఉద్దేశం.

కాబట్టి బీప్ వినగానే ముందు యాక్సిలరేటర్ మీద కాలు తీయండి. అద్దంలో వెనక్కి చూడండి. అప్పుడు మెల్లగా బ్రేక్ వేయండి. కెమెరా దాటగానే మళ్లీ తొక్కకండి.

చలానా కట్టేస్తే తీరిపోతుంది. ఆ పాపకేమైనా అయ్యుంటే, నేను ఏం కట్టినా తీరేది కాదు. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్తగా నడపండి.