పరుగు, పాదము, విశ్రాంతి

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడినదంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాలలో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు ఉన్నది గదా! రెండు వారాలు గడిచేసరికి ఆయాసం తగ్గుతుంది, కాళ్లలో సత్తువ పుడుతుంది. ఆ తరువాత కొందరికి మోకాలికీ చీలమండకూ నడుమ, ముందువైపు ఎముక నొప్పిపెట్టడం ఆరంభిస్తుంది. కాలు జారలేదు, దెబ్బ తగలలేదు. లెక్కచేయక పరుగెత్తిన యువకుడు పరీక్షనాటికి కుంటుతూ ఉండవచ్చును.

ఈ చిక్కు పాతదే. 1855లో ప్రష్యా సైన్యవైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దూరాలు నడిచిన సిపాయిల పాదాలు వాచిపోవడం గమనించి వర్ణించాడు. కారణం మాత్రం అంతుపట్టలేదు. 1895లో ఎక్సు కిరణాలు బయటపడిన తరువాత, 1897లో అటువంటి పాదాల లోపలి సన్నని ఎముకలలో పగుళ్లు కనబడినవి. ఏ ఒక్క అడుగూ విరగగొట్టలేని ఎముక వేల అడుగులకు పగిలినదన్న మాట.

అడుగుల లెక్కకున్న ప్రాముఖ్యాన్ని స్పష్టం చేసిన పరిశోధనలలో ఒకటి మనకు పొరుగుననే మొదలైనది. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట, కాట్పాడి మీదుగానూ, పుంగనూరు నుండి పలమనేరు, చిత్తూరు మీదుగానూ పోతే రాయవేలూరు వస్తుంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. కుష్ఠు వ్యాధిగ్రస్తుల అరికాళ్ల పుండ్లు ఆ వ్యాధి స్వభావమేనని, మాంసం తనంతట తానే కుళ్లుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఆయన, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. నరాలు చచ్చినందున నొప్పి తెలియదు; నొప్పి తెలియనందున రోగి ఒకే చోట బరువు మోపి నడుస్తూనే ఉంటాడు. పుండు ఆ నడక వలన వచ్చినదే. స్పర్శ ఉన్నవాడు అరికాలు ఒకచోట వేడెక్కగానే తనకు తెలియకుండానే అడుగు మార్చుకొంటాడు. నొప్పిని శత్రువుగా చూసే మనకు ఇది వింతగానే తోస్తుంది!

కనుక చికిత్సలో చెప్పు కూడా ఒక మందైనది. రాయవేలూరులోనూ, దాని చేరువన 1955లో వెలసిన కరిగిరి కేంద్రంలోనూ అనేక ప్రయత్నాల మీదట సన్నని గాలిగదులతో నిండిన మెత్తని రబ్బరును ఎంచుకొన్నారు. అది బరువును అరికాలంతటికీ పంచుతుంది. మేకులు కాలిలో దిగినా రోగికి తెలియదు గనుక మేకులు లేకుండా కుట్టారు.

1960ల మధ్యలో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్‌కు వెళ్లాడు. అక్కడ ఎలుకల పాదాలపై ఒక యంత్రంతో మితమైన ఒత్తిడిని రోజుకు పదివేల సార్లు చొప్పున కలిగించగా కొద్ది రోజులలోనే పాదాలు వాచి పుండ్లు పడినవి. ఒత్తిడి అంతే ఉంచి, సార్లు తగ్గించి, వారానికి రెండు రోజులు విరామమివ్వగా పుండ్లు పడకపోగా చర్మం మందమైనది.

ఎముకదీ ఇంచుమించు ఇదే కథ. పరుగులో ఒక్కొక్క అడుగుకు శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిపై పడుతుంది. మీటరుకొక అడుగు వేసినా, పది కిలోమీటర్లకు ఒక్కొక్క కాలు ఐదువేల సార్లు ఆ బలాన్ని మోయాలి. అలసిన ఎముకను బాగుచేయడానికి శరీరం మొదట పాతభాగాన్ని తొలచివేస్తుంది. కొత్తది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి, కండ త్వరగా సిద్ధమైనా ఎముక వెనుకబడే ఉంటుంది. అందువలన పరుగును ప్రకటన రాకముందే, కొద్దికొద్దిగా పెంచుకోవాలి. వారంలో ఒకటి రెండు రోజులు కాళ్లకు సెలవివ్వాలి. తారురోడ్డు కంటె మట్టిదారి మేలని నా అభిప్రాయం. హార్స్‌లీ కొండ దారి తొలినెలలో వద్దు. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడు కాళ్లకు ఎక్కువ దెబ్బ. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి కలిగితే పరుగు ఆపి వైద్యునికి చూపాలి.

ఖరీదైన బూట్లు లేవని దిగులు అక్కరలేదు. అబెబె బికిలా 1960లో రోము మారథాన్‌ను వట్టికాళ్లతో, 1964లో టోక్యో మారథాన్‌ను బూట్లతో గెలిచాడు. మన శివనాథ్ సింగ్ 1976లో మాంట్రియల్‌లో వట్టికాళ్లతోనే పరుగెత్తి 11వ స్థానం పొందాడు. వారి పాదాలు ఏళ్ల తరబడి అలవాటుపడినవి. చెప్పులకు అలవాటైన పాదంతో ఒక్కరోజులో వారిని అనుకరించరాదు. బూటు వేళ్ల దగ్గర ఇరుకుగా ఉండకూడదు, మడమ దగ్గర జారకూడదు. కొత్తజతను పరీక్షనాడే తొడగడం కంటె పాతజతే నయం.

కుష్ఠు రోగుల కోసం ఎంచుకొన్న ఆ మెత్తని రబ్బరు చెప్పులను ఈనాడు మధుమేహం వలన పాదాలలో స్పర్శ పోయినవారికీ ఇస్తున్నారు.