కారు కింద టక్ టక్: రబ్బరు ఎలా వచ్చింది, ఎందుకు పోయింది

ఇక్కడ షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల్లో హెల్పర్లుగా చేస్తున్న మనవాళ్ళ కోసం ఈ పోస్టు. కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

స్పీడు కార్లకి బయట కొన్న సస్పెన్షన్ సెట్టు వేయించుకునేవాళ్ళు ఇక్కడ ఎక్కువ. బిగించి పంపిస్తాం. రెండు రోజులకి బండి వెనక్కి వస్తుంది, "కింద టక్ టక్ అంటోంది" అని. మా క్యాంపులో ఒక తమ్ముడికి ఇలాగే జరిగింది. ఫోర్‌మన్ తప్పంతా వాడి మీద వేశాడు. ఆ నెల జీతంలో 300 దిర్హామ్‌లు కోత. కానీ వాడు బిగించిన బోల్టులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి చప్పుడు ఎక్కడిది? దానికి చాలా వెనక్కి వెళ్ళాలి.

మన ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. గతుకు పడితే దెబ్బ నేరుగా నడుముకే. 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ అనే ఆయన ఉక్కు పట్టీలు వంచి, జతచేసి గుర్రబ్బండికి వేసి పేటెంటు తీసుకున్నాడు. మన లారీల కింద కమాను పట్టీలది ఆ వంశమే. కూర్చున్నవాడికి సుఖం వచ్చింది గానీ ఇనుముకి ఇనుము రాసుకునే చోట కొత్త గోల మొదలైంది. తొలినాటి కార్లలోనూ అంతే. ప్రతి జాయింటుకీ పిన్ను, ఇనుప బుష్షు, గ్రీజు. గ్రీజు ఎండితే కిర్రు, అరిగితే టక్ టక్.

1920ల్లో ఫ్రాన్స్‌లో దీనికి మందు కనిపెట్టారు. ఒక ఇనుప గొట్టంలో ఇంకో చిన్న గొట్టం పెట్టి, మధ్యలో రబ్బరు గట్టిగా కూరారు. పేరు సైలెంట్‌బ్లాక్. మన మెకానిక్కులు "సైలెంట్ బ్లాక్ పోయింది" అంటారే, అదే ఇది. ఇందులో ఏదీ జారదు, రబ్బరే మెలితిరుగుతుంది. అందుకే గ్రీజు అక్కర్లేదు, చప్పుడూ లేదు. 1931లో అమెరికాలో ప్లిమత్ కారు ఇంజన్ని కూడా రబ్బరు మీద కూర్చోబెట్టారు. ఫ్లైఓవర్ పనిలో పిల్లర్‌కీ గిర్డర్‌కీ మధ్య మనం రబ్బరు ప్యాడ్ పెడతాం చూడండి, దాని పనీ ఇంచుమించు ఇలాంటిదే.

తర్వాత మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు వచ్చాడు. జనరల్ మోటార్స్ నుంచి ఫోర్డ్‌కి వెళ్ళాడు. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపి ఒకే స్తంభం చేశాడు. 1950లో ఇంగ్లండ్ ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లకి అది వచ్చింది. మన మారుతి 800 ముందు చక్రాలకీ అదే పద్ధతి. ఆ స్తంభం పై కొస బాడీకి తగిలే చోట రబ్బరు మౌంటు ఉంటుంది. రోడ్డు చప్పుడు బాడీలోకి ఎక్కకుండా ఆపేది అదే.

ఇప్పుడు అసలు మలుపు. 1992లో మిత్సుబిషి ర్యాలీ పందేల కోసం లాన్సర్ ఎవల్యూషన్ తెచ్చింది. దాని ముందూ మెక్‌ఫర్సన్ స్తంభమే. రబ్బరు నొక్కుకుంటుంది కాబట్టి మలుపులో చక్రం పిసరంత కదులుతుంది. పందెం వాళ్ళకి ఆ పిసరు కూడా నష్టం. అందుకని రబ్బరు తీసి ఇనుప గోళీ జాయింటు పెడతారు. దాన్నే పిల్లో బాల్ అంటారు. పందెం కారులో చప్పుడు ఎవరూ పట్టించుకోరు. అరిగితే పార్టు మార్చేస్తారు. అదే పద్ధతి కాయిలోవర్ సెట్టుగా రోడ్డు కార్లకి వచ్చింది. అంటే చప్పుడు పోవడానికి పెట్టిన రబ్బరుని డబ్బిచ్చి తీయిస్తున్నారన్నమాట.

ఈ సంగతి తెలిస్తే వెతకడం తేలిక. వరసగా చూడండి.

నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే "టంగ్" అంటోందా? స్ప్రింగు పట్టేసి ఒక్కసారిగా వదులుతోంది. పై బేరింగు, స్ప్రింగు కూర్చునే చోటు చూడండి.

చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే టక్ టక్? ముందు స్టెబిలైజర్ లింకులు. రెండు వైపులా విప్పి, గ్యారేజీ ఆవరణలోనే మెల్లగా నడపండి. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే పై నట్టు, కాలర్ రింగులు, గోళీ జాయింటు ఆట చూడండి. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులైనా ఇదే చప్పుడు.

కిర్రు కిర్రు అంటే పాలీయూరిథేన్ బుష్షు ఎండింది. సిలికాన్ గ్రీజు పెట్టాలి.

పెద్ద గతుకులో "ధన్" అంటే కారు మరీ కిందికి దించారు, లేదా షాక్ అబ్జార్బర్ పోయింది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. రబ్బరు బుష్షు బోల్టులు లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా ఫైనల్ టైట్ చేయొద్దు. బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. లేకపోతే కారు దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

మా తమ్ముడి కేసులో కస్టమర్ తెచ్చింది సెకండ్‌హ్యాండ్ సెట్టు. గోళీ జాయింటులో ఇసుక చేరి ముందే అరిగిపోయింది. పక్క గ్యారేజీ మేస్త్రి చేత్తో ఊపి రెండు నిమిషాల్లో చూపించాడు. కోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే తమ్ముళ్ళూ, పని మొదలుపెట్టకముందే జాబ్ కార్డులో రాయించండి: సామాను ఎవరిది, కొత్తదా పాతదా, పైన రబ్బరా గోళీనా. గోళీ అయితే కొంత చప్పుడు ఉంటుందని కస్టమర్‌కి ముందే చెప్పించి సంతకం తీసుకోండి. అలాగని చప్పుడు వస్తే మామూలేలే అని వదిలేయకండి, వదులైన నట్టుకీ చప్పుడు అదే. రాసి ఉన్న కాగితం ఉంటే కోత వేసే ముందు ఫోర్‌మన్ కూడా ఒకసారి ఆలోచిస్తాడు. గ్యారేజీల్లో చేసే మనవాళ్ళకి ఇది పంపండి.