తుపాను దెబ్బతిన్న సాగరతీర ఉద్యానం: పునరుద్ధరణకు ఇసుకే పునాది

విశాఖపట్నం: సాగరతీరంలో ఉద్యానం తుపానుకు దెబ్బతిన్నదనగానే ముందుగా కంటపడేవి కూలిన ప్రహరీ, ఒరిగిన దీపస్తంభాలు, వేళ్లతో సహా పెకలించుకుపోయిన చెట్లు. మరమ్మతుల అంచనాలు కూడా సాధారణంగా ఆ వరుసలోనే తయారవుతాయి. ప్రహరీకి ఇంత, దీపాలకు ఇంత, ముఖద్వారానికి ఇంత అని లెక్కగట్టి, మిగిలినది మొక్కలకు కేటాయిస్తారు. విశాఖ తీరం చూసిన రెండు తుపానులను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే ఈ వరుస తలకిందులుగా ఉండవలసిందని తేటతెల్లమవుతుంది. ముందు ఇసుక, తరువాత చెట్లు, ఆ పైన కట్టడాలు. ఇందులో చిక్కు ఒక్కటే. ఉద్యానం ఒక సంస్థ అధీనంలో ఉంటే, దానిని కాపాడే ఇసుక మరొకరి చేతిలో ఉంది.

గాలి ఒకటి.. కెరటం ఒకటి

హుద్‌హుద్‌ తుపాను 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖ వద్ద తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. విశాఖలోని కొలమానం సాధారణ పోటుకన్నా 1.4 మీటర్ల ఎత్తున ఉప్పెనను నమోదు చేసింది. ఒమన్‌ దేశం సూచించిన ఆ పేరు నిజానికి ఒక పక్షిది. తెలుగులో కూకుడుగువ్వ అంటారు. ఆ పక్షికి ఉన్న సాధుస్వభావం తుపానుకు లేకపోయింది. బీచ్‌ రోడ్డును ఆనుకుని ఉన్న ఉడా పార్కు, కొండపైని కైలాసగిరి, జంతు ప్రదర్శనశాల, కంబాలకొండ అడవి ఒకే పూటలో రూపుమారిపోయాయి. నిలబడిన చెట్లకు కూడా ఆకులు మిగలలేదు. ఉప్పుగాలికి మాడిన నగరపు కొండలు కొద్దిరోజులలోనే గోధుమరంగుకు తిరిగాయి. ఇది ప్రధానంగా గాలి చేసిన నష్టం.

రెండవది ఇందుకు పూర్తిగా భిన్నం. 2021 డిసెంబరు మొదటి వారంలో జవాద్‌ తుపాను తీరాన్ని తాకకుండానే, ఒడిశా వైపు సాగుతూ సముద్రంలోనే బలహీనపడింది. విశాఖలో చెట్టు కూలేటంత గాలి వీచలేదు. అయినా ఆర్కే బీచ్‌ చెంతనున్న చిల్డ్రన్స్‌ పార్కు వద్ద నేల కుంగి, బీటలు వారి, ప్రహరీ గోడ కొంతమేర కూలిపోయింది. కెరటాలు గోడను పైనుంచి కొట్టి పడగొట్టలేదు. అడుగునున్న ఇసుకను లాగివేశాయి. పునాది కింద ఖాళీ ఏర్పడగానే పైనున్నది తనంత తానే కుంగింది.

మొదటిరకం నష్టానికి చెట్ల ఎంపిక, కొమ్మల కత్తిరింపు, విద్యుత్తు తీగల అమరిక మందు. రెండవరకానికి అవేవీ పనికిరావు. పునరుద్ధరణ ప్రణాళిక రచించేవారు మొదటిపేజీలోనే ఏది గాలి నష్టం, ఏది కెరటపు నష్టం అన్నది వేరుచేసి చూపాలి. రెంటినీ కలిపి ఒకే పద్దు కింద రాస్తే కుంగిన చోటనే మళ్లీ గోడ లేస్తుంది.

ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

తీరంలోని ఇసుక కదలని నేల కాదు, నిత్యం నడిచే సరకు. నైరుతి రుతుపవన కాలంలో కెరటాలు దానిని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల వేళ కొంత తిరిగి దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అంటే ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక యారాడ కొండ వైపు నుంచి, డాల్ఫిన్‌ నోస్‌ను దాటి రావాలి.

ఆ దారిలో నౌకాశ్రయం ఉంది. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైన నాడే ఈ ఇసుక సమస్య ఇంజినీర్లకు తెలుసు. ప్రవేశమార్గం దక్షిణాన రెండు పాత ఓడలను ముంచి కెరటాలకు అడ్డుగా నిలిపినది అందుకే. 1970వ దశకంలో బాహ్య నౌకాశ్రయం నిర్మాణంతో సముద్రంలోకి చొచ్చుకుపోయే పెద్ద రాతిగోడలు వచ్చాయి. ఓడలకు నెమ్మదైన నీరు దొరికింది. ఇసుక మాత్రం గోడకు ఈవలే ఆగిపోయింది. అలా ఆగిన ఇసుకను పూడికతీత ఓడలతో తవ్వి, గొట్టాల ద్వారా ఆర్కే బీచ్‌పైకి పంపే పద్ధతిని అనుసరిస్తున్నారు. నగరవాసి సాయంత్రం కాళ్లు తడుపుకునే ఇసుకలో కొంత భాగం అలా యంత్రాలు మోసుకువచ్చినదే.

దీనిని బట్టి ఉద్యానం ఆయుర్దాయం ఒక పూడికతీత కాలపట్టికపై ఆధారపడి ఉందని అర్థమవుతుంది. ఏ సంవత్సరం ఇసుక పంపడం ఆలస్యమైతే, లేదా పరిమాణం తగ్గితే, ఆ ఏడాది నైరుతి కెరటాల ముందు తీరం పలచబడుతుంది. ఆ తరువాత వచ్చే అక్టోబరు, నవంబరు తుపానుకు కోయడానికి అడ్డు ఉండదు. కనుక పార్కు పునరుద్ధరణకు నిధులు మంజూరు చేసే ముందే నౌకాశ్రయ సంస్థ, పూడికతీత సంస్థ, నగరపాలక సంస్థల మధ్య ఒప్పందం కుదరాలి. ఏ నెలలో ఎంత ఇసుక, తీరంలో ఏ బిందువు వద్ద వేయాలన్నది అందులో ఉండాలి. ఏటా రుతుపవనాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి తీరపు ఎత్తులను కొలిచి ఆ లెక్కను ప్రజల ముందుంచితే మరీ మంచిది. సముద్ర విజ్ఞాన జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉన్నాయి. కొలిచేవారికి కొరత లేదు.

గోడ కడితే సరిపోదా?

నేల కోతకు గురైన ప్రతిసారీ వినిపించే మాట రాతిగోడ. అత్యవసరమైన చోట, వెనుక రహదారి, ఇళ్లు ఉన్నచోట అది తప్పనిసరి కావచ్చు. అయితే నిలువు గోడను తాకిన కెరటం తన బలాన్ని అక్కడే వదిలిపెట్టదు. వెనుదిరిగి గోడ పాదం వద్ద ఇసుకను తవ్వుతుంది. గోడ ముందు బీచ్‌ క్రమంగా దిగబడుతుంది. గోడ ముగిసే చివర కోత మరింత తీవ్రమవుతుంది. ఒక ఉద్యానాన్ని కాపాడేందుకు వేసిన రాళ్లు దాని ఉత్తరాన ఉన్న జాలరిపేటకు కష్టం తెచ్చిపెట్టిన సంగతి తీరప్రాంతాలలో కొత్త కాదు.

వెడల్పైన ఇసుకతీరం, దాని వెనుక తక్కువ ఎత్తు ఇసుకదిబ్బ, ఆ దిబ్బపై పాకే తీగ, గడ్డి ఉంటే కెరటం బలం మెల్లగా అరిగిపోతుంది. తుపానులో దిబ్బ కొంత కరుగుతుంది. అది దాని పని. ఆ ఇసుక సమీప సముద్రంలోనే నిలిచి, ప్రశాంత మాసాలలో చాలావరకు తిరిగి వస్తుంది. సిమెంటు పలక కరిగితే తిరిగిరాదు. ఇప్పటికే కుంగిన స్థలంలో ఉద్యానం అంచును కొంత వెనక్కి జరపడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. ఉన్న స్థలం తగ్గుతుందనే బెంగ సహజం. అయినా పది మీటర్లు వదులుకుని మిగతాది నిలుపుకోవడం, అంతా నిలుపుకోవాలని పట్టుబట్టి ఏటా గోడకు సొమ్ము పోయడం అన్న రెంటిలో మొదటిదే చవక.

ఏ చెట్టు నిలిచింది? ఏది ఒరిగింది?

హుద్‌హుద్‌ నగరానికి చెట్ల పరీక్ష పెట్టింది. నీడ త్వరగా ఇస్తాయని దశాబ్దాలుగా నాటుతూ వచ్చిన తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు వంటివి పెద్దసంఖ్యలో కూలాయి. వేగంగా పెరిగే చెట్టుకు కలప పెళుసు. పైన గొడుగులా విస్తరించి, వేళ్లు పైపైనే పరచుకుంటే గాలికి అది తెరచాపవంటిదే. చుట్టూ సిమెంటు పలకలు బిగించి వేరుకు చోటు లేకుండా చేసినచోట నష్టం రెట్టింపవుతుంది. చెట్టు కూలినది గాలి వల్లనే కాని, కూలేందుకు సిద్ధం చేసినది మనుషులే.

తాడి, కొబ్బరి వంగి లేచే స్వభావం కలవి. కానుగ, గంగరావి, పొన్న, వేప, సరుగుడు, మొగలి ఉప్పుగాలిని వివిధస్థాయిలలో తట్టుకుంటాయి. సముద్రానికి అభిముఖంగా మొదటి వరుసలో మొగలి పొదలు, ఇసుకపై మేకడెక్క ఆకారపు ఆకులతో పాకే ఊదాపూల తీగ, వాటి వెనుక గంగరావి, పొన్న, ఇంకా లోపల వేప, నేరేడు, చింత, మర్రి అన్నట్లు మెట్లుమెట్లుగా నాటితే గాలి పైకి ఎగదోయబడుతుంది. ఒంటరి చెట్టుకన్నా గుంపుగా పెరిగిన చెట్లు ఒకదానినొకటి కాపాడుకుంటాయి. ప్రారంభోత్సవం నాటికి పచ్చగా కనిపించాలని క్రేన్లతో తెచ్చి పాతే నిలువెత్తు చెట్లు ఫొటోలకు బాగుంటాయి. అక్కడే చిన్న మొక్కగా నాటుకుని వేరూనినది పదేళ్లకు వాటికన్నా గట్టిగా నిలబడుతుంది.

నాటే ముందు నేలను చూడాలి. ఉప్పునీరు నిలిచిన మట్టిలో మొక్క వేస్తే నెలరోజులలో మాడుతుంది. మట్టిని పరీక్షించి, నీరు పోయే దారులు సరిచేసి, మంచినీటితో ఉప్పును కిందికి కడిగించాలి. మట్టి బిగిసిపోయి నీరు ఇంకని చోట జిప్సం కలపడం రైతులకు తెలిసిన పద్ధతే. కూలిన చెట్లన్నింటినీ రంపానికి అప్పగించే తొందర కూడా కూడదు. వేరుబంతి చాలావరకు నిలిచి, పక్కకు ఒరిగిన చిన్న వయసు చెట్లను కొమ్మలు తగ్గించి కొద్దిరోజులలోనే నిలబెడితే బతికే అవకాశం ఉంది. బతకనివాటి కలపను ముక్కలు చేసి మొక్కల పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది.

చట్టం గీసిన గీత

తీరంలో ఏది కట్టాలన్నా తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. 1991లో తొలి ప్రకటన వెలువడగా, 2011లోను, 2019 జనవరిలోను వాటిని సవరించి కొత్తవి జారీచేశారు. సముద్రతీరంలో పోటురేఖ నుంచి భూమివైపు 500 మీటర్ల వరకు వీటి పరిధి. ఒడ్డువరకు అభివృద్ధి చెందిన నగరభాగాలలో, అప్పటికే ఉన్న రహదారికి లేదా అనుమతి పొందిన కట్టడానికి భూమివైపునే భవనాలు అనుమతిస్తారు. ఇసుకదిబ్బలకు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లకు అత్యధిక రక్షణ ఉంది. తాత్కాలిక పర్యాటక వసతులకు 2019 నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చినా పోటురేఖకు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి.

ప్రణాళిక రచనలో దీనిని ఆఖరున పెట్టే అనుమతి పత్రంగా చూడటం పరిపాటి. మొదటే పోటురేఖను పటంపై గీసుకుంటే సగం తగవులు తీరతాయి. సముద్రంవైపు తీసి మోయగల బల్లలు, చెక్కబాట, ఇసుక మైదానం. భూమివైపు మరుగుదొడ్లు, విద్యుత్తు గది, నీటి పంపులు. తుపాను హెచ్చరిక వెలువడగానే సముద్రంవైపున్నవి తరలించేందుకు వీలుండాలి. హుద్‌హుద్‌ తరువాత నగరంలో విద్యుత్తు తీగలను భూగర్భంలోకి మార్చే పని చేపట్టడానికి కారణమైన అనుభవం ఉద్యానానికీ వర్తిస్తుంది. కేబుళ్లు భూమిలోన, పెట్టెలు మాత్రం ఉప్పెన మట్టానికి పైన ఉండాలి.

దీపాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. డిసెంబరు నుంచి ఏప్రిల్‌ వరకు ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు విశాఖ, భీమిలి తీరాలకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల వెలుగువైపు నడుస్తుంది. ఆ వెలుగు సముద్రానిది కాక బీచ్‌ రోడ్డుదైతే చక్రాల కిందకే చేరుతుంది. దీపాలు పొట్టిగా, కిందకు వంచి, సముద్రంవైపు మూతతో అమర్చడం ఖర్చుతో కూడిన పని కాదు.

తీరం ఎవరికి అన్నం పెడుతోంది?

ఉద్యానం మూతపడితే నడకకు వచ్చేవారు మరో దారి చూసుకుంటారు. మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తులు, ఐస్‌ అమ్మేవారికి, బొమ్మల బండివారికి ఆ వెసులుబాటు లేదు. పనులు జరిగే నెలలలో వారికి ప్రత్యామ్నాయ స్థలం, పనులయ్యాక తిరిగి చోటు అన్న హామీ ప్రణాళికలో రాతపూర్వకంగా ఉండాలి. కొత్త పార్కు సిద్ధమయ్యాక బండ్లను అందానికి అడ్డమని తొలగించడం పలుచోట్ల జరుగుతున్నదే. పెద జాలరిపేట వంటి మత్స్యకార పల్లెలకు తీరం పడవ నిలిపే చోటు, వల ఆరబెట్టే కళ్లం. ఇసుకమేట ఎటు మారిందో, ఏ ఏడు సముద్రం ఎంత దూరం వచ్చిందో వారికి తెలిసినంతగా పటాలకు తెలియదు. ముసాయిదా పటాన్ని కార్యాలయంలోనే కాక పల్లె సావిడిలోనూ పరచి చూపాలి.

నిధులు.. నెలలు

హుద్‌హుద్‌ తరువాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో 2015లో ఆంధ్రప్రదేశ్‌ విపత్తు పునరుద్ధరణ పథకానికి ఆమోదం తెలిపింది. విద్యుత్తు, రహదారులతోపాటు సాగరతీరం, ఉద్యానాలు, తీర వనాలు కూడా అందులో చోటు చేసుకున్నాయి. ఉద్యానాన్ని విలాసంగా కాక విపత్తు రక్షణలో భాగంగా లెక్కించడం అందులోని మంచి విషయం. పథకాలు కట్టడానికి సొమ్మిస్తాయి గాని ఏటా ఇసుక వేయడానికి, మొక్కకు నీరు పోయడానికి, కొమ్మ కత్తిరించడానికి ఇవ్వవు. ఆ పద్దు స్థానిక సంస్థ బడ్జెట్‌లో విడిగా కనిపించకపోతే మూడో ఏటికే తీగలు ఎండి దిబ్బ బయటపడుతుంది.

నెలలను కూడా ముందే పంచుకోవాలి. తీరపు కొలతలు, మట్టి పరీక్షలు జనవరి, ఫిబ్రవరిలో ముగియాలి. ఇసుక నింపడం నైరుతి రాకముందే, మే నాటికి పూర్తికావాలి. గుడ్లు పెట్టే చోట్లను అటవీశాఖ గుర్తించిన తరువాతే ఆ భాగంలో యంత్రాలు దిగాలి. మొక్కలు జూన్‌, జులైలలో తొలి వానలకు నాటాలి. సెప్టెంబరు ఆఖరుకు ఎండుకొమ్మల కత్తిరింపు, కాల్వల శుభ్రత, తరలించవలసిన సామగ్రి జాబితా సిద్ధంగా ఉండాలి. అక్టోబరు, నవంబరు మాసాలలో తీరంలో ఏ పునాదీ తెరచి ఉంచరాదు.