తోలుబొమ్మల ఇంటికి నలభై కుర్చీల విన్నపం

సురభికి 140 ఏళ్ళు నిండాయి, ప్రత్యేక సంచికకు ఏదైనా రాయండి అని కబురు వచ్చినప్పుడు ముందు జంకాను. నేను ఆ ఇంటివాణ్ణి కాను. ఆ డేరాలో పుట్టలేదు, ఆ పొయ్యి మీద వండిన అన్నం తినలేదు. బీదరు జిల్లా బగ్దల్ మా ఊరు. మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగట్లో దక్కనీ ఉర్దూ, చుట్టాల్లో సగంమందికి మరాఠీ. సురభివాళ్ళు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడుకుని, ముఖానికి రంగు వేసుకోగానే స్వచ్ఛమైన తెలుగులో పద్యం ఎత్తుకుంటారని తెలిసిన రోజున, వీళ్ళు మనవాళ్ళే అనిపించింది. ఆ చుట్టరికంతోనే రాస్తున్నాను.

మూలకథ అందరికీ తెలిసిందే అయినా సంచికలో ఉండాలి. మరాఠా దేశం నుంచి కడప సీమకు వచ్చి తోలుబొమ్మలు ఆడించుకు బతికిన కుటుంబాలు వీళ్ళవి. 1885లో సొరుగు అనే ఊళ్ళో వనారస గోవిందరావు గారు బొమ్మలను పక్కన పెట్టి మనుషులతోనే ‘కీచక వధ’ ఆడించారు. ఆ ఊరే తర్వాత సురభి అయింది, ఊరి పేరే వంశానికి పేరయింది. మిగతా తెలుగు రంగస్థలం మీద మగవాళ్ళే చీర కట్టి ఆడవేషాలు వేస్తున్న కాలంలో సురభిలో కూతుళ్ళు, కోడళ్ళు రంగస్థలం ఎక్కారు. స్థానం నరసింహారావు గారి సత్యభామకు చేతులెత్తి మొక్కేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా ఇంటి ఆడపడుచును వెలుగులో నిలబెట్టడానికి కావలసిన ధైర్యం వేరు. ఆ ధైర్యానికి రావలసినంత పేరు రాలేదని నా బాధ.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు పెళ్ళిళ్ళతో పాటు సమాజాలూ పెరిగాయి, ఊరూరా డేరాలు లేచాయి.

కష్టకాలం గురించి మాత్రం తొందరపడి రాయలేను. 1932లో హెచ్.ఎం.రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. మన మొదటి టాకీ. అందులో లీలావతి వేషం వేసి పాడింది సురభి కమలాబాయి. అంటే తెలుగు సినిమా మాట నేర్చుకున్నది సురభి బిడ్డ నోటితో. అదే సినిమా ఊరూరా హాలు కట్టుకుని కూర్చునేసరికి సురభి డేరాలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఒకప్పుడు యాభై దాకా ఉన్న సమాజాలు చేతివేళ్ళతో లెక్కపెట్టేటన్ని మిగిలాయి. నాటక సమాజం మూతపడితే ఉద్యోగులు వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. సురభిలో తాత నుంచి చంటిపిల్ల దాకా అందరి కూడూ ఒక్క టికెట్ పెట్టెలోంచే రావాలి. టికెట్ తెగని రాత్రి ఇల్లంతా పస్తే. 2020లో కరోనా వచ్చి ఆటలు ఆగిపోయినప్పుడు మళ్ళీ అదే. నటులు గుంపుగా నిలబడకూడదు, జనం గుంపుగా కూర్చోకూడదు. గుంపే బతుకైన ఇంటికి అంతకు మించిన శాపం ఉంటుందా?

ఆ ఇంటిని నిలబెట్టినవాళ్ళను తలుచుకోవడం ధర్మం. గోవిందరావు గారు, కమలాబాయి గారు, 1937లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపి 2013లో పద్మశ్రీ అందుకున్న నాగేశ్వరరావు గారు. బాబ్జీగా అందరికీ తెలిసిన ఆ పెద్దాయన 2022లో వెళ్ళిపోయారు. దూరం నుంచే ఒకసారి దండం పెట్టుకునే భాగ్యం కలిగింది నాకు. పేర్లు బయటికి రానివాళ్ళు ఇంకా ఎందరో: తెరలు గీసినవాళ్ళు, హార్మోనియం, తబలా వాయించినవాళ్ళు, తాళ్ళు లాగినవాళ్ళు, కిరీటాలకు తళుకు అంటించినవాళ్ళు, గుంజలు పాతినవాళ్ళు, వేషం మధ్యలో పిల్లకు పాలిచ్చి మళ్ళీ రంగస్థలం మీదికి పరుగెత్తిన తల్లులు, అరువు మీద బియ్యం ఇచ్చిన కొట్టువాళ్ళు, మైదానం ఊరికే ఇచ్చిన ఊరిపెద్దలు. అందరికీ నమస్కారం.

నేను మొదటిసారి సురభి ఆట చూసింది హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో. జహీరాబాద్ మీదుగా బస్సులో వెళ్ళాను. ‘మాయాబజార్’. ఘటోత్కచుడు కూర్చుంటే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్ళాయి. నారదుడు పైనుంచి దిగాడు. చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతుంటే నాకు మాత్రం వేరే నాటకం గుర్తొచ్చింది. అదే ఇక్కడ చెప్పాలనుకున్న అసలు మాట.

పారిస్‌లో రోమేనియా బిడ్డ ఒకాయన, అయొనెస్కో, కథ అనేది లేని నాటకాలు రాశాడు. అసంబద్ధ నాటకాలు అన్నారు. అబ్సర్డ్ అన్నా అదే. ఆయన ‘బట్టతల గాయని’ 1950లో, ‘పాఠం’ 1951లో, ‘కుర్చీలు’ 1952లో రంగస్థలం ఎక్కాయి. ‘కుర్చీలు’లో నీళ్ళ మధ్య బురుజులో తొంభై దాటిన ముసలి దంపతులు. కనబడని అతిథులు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేస్తూనే ఉంటారు. చివరికి రంగస్థలమంతా ఖాళీ కుర్చీలే. లోకానికి ముసలాయన చెప్పదలచుకున్న సందేశం వినిపించడానికి వచ్చిన ఉపన్యాసకుడికి నోట మాట రాదు. అయొనెస్కో చిన్నప్పుడు పారిస్ తోటలో బొమ్మలాట ముందు నుంచి కదిలేవాడు కాదట. ఆ నాటకాల్లో మనుషులు బొమ్మల్లా, వస్తువులు మనుషుల్లా ప్రవర్తించేది అందుకే. తోలుబొమ్మల నుంచి పుట్టిన సురభికి, బొమ్మలాట మీద పుట్టిన ఆ నాటకాలకు వేరు ఒక్కటే.

ఆ ‘కుర్చీలు’ను సురభి ఆడాలి. అందులో కుర్చీలు వాటంతటవే వచ్చి కూర్చోవాలి. ఆ పని లడ్డూలను నోట్లోకి పంపినవాళ్ళకు కాక ఎవరికి చాతనవుతుంది?

ఇది ఊహతో అన్న మాట కాదు. బగ్దల్‌లో మేము కొందరం ఒకే రాత్రి ‘పాఠం’, ‘కుర్చీలు’ రెండూ మా తెలుగులో ఆడాము. టెంట్ హౌస్ నుంచి నలభై కుర్చీలు తెచ్చాము. కుర్రాళ్ళు మోసుకొచ్చి వేస్తుంటే జనానికి కుర్రాళ్ళే కనబడ్డారు. కుర్చీ తనంతట తాను రాలేదు, భ్రమ నిలవలేదు. అయినా చివరలో ఉపన్యాసకుడు మూగగా చేతులు ఆడిస్తుంటే మా పెద్దమ్మ వెనక నుంచి అంది: “మన అర్జీ గతి గింతే గదరా.” ఆమెకు తెలుసు. ఆ నాటకానికి సాయం కోసం ఈ పక్క ఆఫీసుకు వెళ్తే తెలుగు నాటకమా, అటువైపు అడగండి అన్నారు. అటువైపు వెళ్తే మీరు కర్ణాటక వాళ్ళు కదా అన్నారు. 1956లో గీత గీసి బీదరును మైసూరులో కలిపారు. ఆ గీత మీద కూర్చున్న మా భాషకు అప్పటి నుంచీ కుర్చీ దొరకలేదు.

సురభికి కొత్త నాటకం కొత్త కాదు. గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగిన కన్నడిగుడు బి.వి.కారంత్ గారు 1990లలో సురభి వాళ్ళతో కూర్చుని ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. చివరిది బ్రెష్ట్ నాటకం. సెచ్వాన్ పట్నపు మంచి మనిషి మన బస్తీలో యాదమ్మ అయింది. ఆ దారి అక్కడే ఆగినట్టుంది. తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్ళినా ‘మాయాబజార్’, కాకుంటే ‘పాతాళభైరవి’. సురభిని నిందించను. అవే అడిగి అవే కొన్నది మనం. పిలిచినవాళ్ళు అడిగిన వంటే వండాలి కదా. కానీ పండగ సంచికల్లో వారసత్వం అని పదిసార్లు రాసి, కొత్త నాటకానికి ఒక్క రాత్రి టికెట్ కొనని మన మీద నాకు కోపం ఉంది. కొత్తకు ధైర్యం చేసి పుట్టిన ఇల్లు అది.

జనం రారు అంటారు. పారిస్‌లో యూషెత్ సందులో ఎనభై తొంభైమంది పట్టే చిన్న థియేటర్ ఉంది. 1957 ఫిబ్రవరి 16న అక్కడ ‘బట్టతల గాయని’, ‘పాఠం’ ఒకే సాయంత్రం మొదలుపెట్టారు. నెల రోజులకని సినిమా దర్శకుడు లూయీ మాల్ డబ్బు సర్దాడు. మొదటిదానికి దర్శకుడు నికొలా బతాయ్, రెండోదానికి మార్సెల్ క్యువెలియే. కరోనా మూసివేత లాంటివి తప్ప ఆ జంట నాటకాలు ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. 1975లో థియేటర్ యజమాని పోయాక హాలు చేజారుతుందేమో అన్నంత పని అయింది. నటులే కలిసి 1980లో కంపెనీ పెట్టుకుని దాన్ని కాపాడుకున్నారు. నటులదే ఇల్లు, నటులదే పెట్టె, తరం మారితే అదే వేషం తర్వాతివాళ్ళకు. చదువుతుంటే సురభి కథే ఫ్రెంచిలో చదువుతున్నట్టు ఉండింది.

అందుకే ఈ సంచిక ద్వారా విన్నపం. ఒక సంవత్సరం, కందులు ఇంటికి వచ్చాక, సురభి డేరా మా బగ్దల్ బయట వేయండి. మొదటి రాత్రి ‘మాయాబజార్’, మా పిల్లలూ చూడాలి. రెండో రాత్రి ‘పాఠం’, ‘కుర్చీలు’. తెలుగు అనువాదం మా దగ్గర ఉంది, మీ నోటికి అనువుగా దిద్దుకోండి. తాళ్ళు, కప్పీలు మీవి. నలభై కుర్చీలు మేము సిద్ధం చేస్తాం. ఆ రాత్రికి మా పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంటానంది.