మంచు తెరలో దారి



పుష్యమాసంలో మంచు కమ్మితే మామిడి పూతకు చేటని దిగులుపడే నూజివీడు వాళ్ళం మనం. ఆ మంచులో పక్క చెట్టు కనబడకపోయినా గట్టు పట్టుకుని ఇల్లు చేరతాం. హిమాలయాల్లో గట్టు ఉండదు. నేలా ఆకాశమూ ఒకే తెలుపై, ఎత్తు పల్లాలు కూడా తెలియవు. మా మనవడు వచ్చే వేసవిలో అటు ట్రెక్కింగుకు వెళతాడట. "సెల్‌ఫోన్ ఉందిగా తాతయ్యా" అన్నాడు. చలికి దాని బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. వాడి కోసమే ఈ నాలుగు మాటలు.

ముప్పై ఏళ్ళు గుమాస్తాగా గ్రామ పటాలు తిరగేసినవాణ్ణి. పటం ఊరికే రాలేదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన కొలత క్రమంగా దేశమంతా సాగింది. ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు 1819లో మన కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచం పట్టాడు. కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్ళాడు. 1865లో ఆయన పేరే అత్యున్నత శిఖరానికి పెట్టారు.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడూ 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో వాతావరణం వికటించి తిరిగి రాలేదు. అప్పటికి నలభై ఏళ్ళవాడు. కొండ ఎవరి అనుభవాన్నీ లెక్కచేయదు.

కనుక మంచు కమ్మకముందే పటం మీద మనమున్న చోటు గుర్తించాలి. సూది చూపే ఉత్తరం, పటంలోని ఉత్తరం ఒకటి కావు. ఆ తేడా సరిచేసి, చేరవలసిన దిక్కును డిగ్రీల్లో రాసుకోవాలి. దిక్సూచిని ఇనుముకూ ఫోనుకూ దూరంగా పట్టుకోవాలి. ఒకరిని తాడు కట్టి కనుచూపు మేర ముందుకు పంపి, దిక్సూచితో కుడి ఎడమలు సరిచేసి, అడుగులు లెక్కపెడుతూ అతణ్ణి చేరాలి. మళ్ళీ అదే వరస. లోయ అంచు దగ్గరలో ఉందని పటం చెబితే కదలకుండా ఆగాలి. అనుమానం వస్తే తెలిసిన చోటికి వెనుదిరగాలి. వచ్చిన దిక్కుకు 180 డిగ్రీలు కలిపినా, తీసివేసినా వెనుదారి తెలుస్తుంది.

పింఛనులోంచి ఒక దిక్సూచి కొని వాడికిచ్చాను. మొన్న మంచు ఉదయం తోటలో ఇద్దరం సాధన చేశాం. నేను బావి గట్టున కూర్చున్నాను. వాడు అడుగులు లెక్కపెట్టుకుంటూ మంచులోంచి నేరుగా నా దగ్గరకే వచ్చాడు. "దారి తప్పితే వెనక్కి రావడం నామోషీ కాదురా" అన్నాను. తలూపాడు. ఆ మాట వాడికి గుర్తుంటే చాలు.