పూర్వదాతల శిలలు

కడపలో 1982లో నెలకొల్పిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియమును తప్పక చూడగలరు. నీడ కరవైన మన జిల్లా శిల్పములకు, శాసనములకు అది ఆశ్రయము.

మన సీమలో రాయియే తొలి చరిత్ర. పులివెందుల ప్రాంతపు వేంపల్లి సున్నపురాయి సుమారు 190 కోట్ల ఏండ్లనాడు సముద్రమున పేరుకొన్నది. ప్రొద్దుటూరునకు చేరువనున్న కలమళ్ళ చెన్నకేశవాలయ ప్రాంగణమున దొరకిన రేనాటి చోళుల శాసనము, సుమారు క్రీ.శ. 575 నాటిది, తొలి తెలుగు శాసనముగా ప్రసిద్ధము.

భిన్నమైన విగ్రహమును జలమున విడుచుట ఆచారము. శాసనశిలకు ఆ విధి లేదు. జీర్ణోద్ధరణవేళ దానిని పునాదిలో వేసినను, సున్నముతో కప్పినను పూర్వదాత పేరు మాసిపోవును. అట్టి శిల కనబడినచో పురావస్తు శాఖవారికి తెలుపుడు. నేడు మీ పేరు చెక్కిన ఫలకమును రేపటివారు కాపాడవలెనన్న, నిన్నటి దాత పేరును మనము కాపాడవలెను.